గోడ మీద కోట, కోట కింద నది

పోయిన సంచికలో వేల్స్‌లోని కాన్వీ కోట ఫొటో ఒకటి వేశాను. ఏటి అవతలి గట్టు నుంచి, తెల్లవారుజామున తీసినది. అలాంటి ఫొటోను గోడకు పెట్టుకోవాలనుకునేవారు సందేహాలు రాయమన్నాను. ఉత్తరాలు చాలానే వచ్చాయి. ఎక్కువమంది సైజు, కాగితం, ఫ్రేము గురించే అడిగారు. అవన్నీ చెబుతాను కానీ, ఒక ఉత్తరానికి జవాబు రాయకుండా మిగతావాటి జోలికి వెళ్లడానికి మనసొప్పలేదు. ముందు అదే.

ప్రశ్న: మాస్టారూ, మీరు వేసిన ఫొటోలో కోట పైన ఎక్కడో ఉంది. కింద సగం దాకా నీళ్లే. ఆ నీళ్లను కత్తిరించి కోటను పెద్దది చేయించుకుంటే హాలుకు నిండుగా ఉంటుంది కదా? ఖాళీ నీళ్లకు కూడా డబ్బు పెట్టాలా అంటున్నారు మావారు.

అవి ఖాళీ నీళ్లు కావమ్మా. ఆ కోట అక్కడ ఉండడానికి కారణమే ఆ నీళ్లు. ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ వేల్స్‌ను జయించి, 1283లో కాన్వీ నది సముద్రంలో కలిసే చోట, ఒక రాతి గుట్ట మీద ఈ కోటకు పునాది వేయించాడు. పని నడిపించినది మాస్టర్ జేమ్స్ అనే శిల్పాచార్యుడు. ఎనిమిది పెద్ద బురుజులు, గోడలు, పక్కనే ఊరి చుట్టూ ప్రాకారం, అంతా నాలుగైదేళ్లలో లేచింది. చుట్టూ ఉన్నది ఓడిపోయిన జనం. నేల మీది దారులను ఎప్పుడు ఎవరు మూసేస్తారో తెలియదు. అందుకే ఓడ నేరుగా వచ్చి ఆగగలిగే చోటు చూసుకున్నాడు.

కోట పూర్తయి పదేళ్లు తిరగకుండానే ఆ అవసరం రానే వచ్చింది. 1294లో మడోగ్ నాయకత్వంలో వేల్స్ జనం తిరగబడ్డారు. ఆ చలికాలంలో రాజు స్వయంగా ఈ కోటలోనే చిక్కుకుపోయాడు. నేల మీద దారి లేదు. సముద్రం మీదుగా వచ్చిన సరుకులే లోపలున్నవాళ్లను బతికించాయి. మీరు కత్తిరిద్దామంటున్నది ఆ దారినే.

ఇంకోమాట, ఇది కంటికి సంబంధించినది. నేను కూడా మొదటిసారి మీలాగే చేశాను. గోడల అడుగు దాకా కత్తిరించి, బురుజులు ఫ్రేము నిండా వచ్చేలా ప్రింటు తీసి, పని చేసుకునే గదిలో పెట్టుకున్నాను. మొదటి వారం గొప్పగా అనిపించింది. నెల తిరిగేసరికి అట్టముక్కతో చేసిన కోటలా కనిపించసాగింది. ఎందుకా అని మొత్తం ఫొటో మళ్లీ తెరిచి చూశాను. కోట నిలబడిన రాతి అడుగున, నీటి మట్టానికి కాస్త పైన, నల్లటి చార ఒకటి ఉంది. రోజుకు రెండుసార్లు పోటు నీళ్లు వచ్చి తాకిపోయే గుర్తు. దాని పైన రాయి పొడిగా, బూడిద రంగులో ఉంది. దాని కింద నాచు పట్టి పచ్చనలుపుగా ఉంది. ఆ ఒక్క చారతోనే కోటకు బరువు వచ్చింది, అది ఒక చోట నిలబడింది. నేను దాన్నే కోసిపారేశాను.

కత్తిరించక తప్పకపోతే ఆకాశాన్ని కత్తిరించండి. మబ్బులేని ఆకాశంలో మూడోవంతు తీసేసినా ఫొటోకు నష్టం లేదు. నీళ్లలో మాత్రం బురుజు నీడ కొస దాకా ఉంచండి. నీడ కొస తెగితే కాళ్లు తెగిన మనిషిని చూస్తున్నట్టు ఉంటుంది. మీవారికి నమ్మకం కుదరకపోతే, సంచికలోని ఫొటో మీద ఒక తెల్ల కాగితం పెట్టి నీళ్లను కప్పి చూడమనండి, తర్వాత ఆకాశాన్ని కప్పి చూడమనండి.

ప్రశ్న: వచ్చే ఏడాది మేము కాన్వీ వెళ్తున్నాం. మీరు తీసినలాంటి ఫొటో మాకూ రావాలంటే ఏ వేళకు వెళ్లాలి? అక్కడ ఉండేది రెండు రోజులే.

రెండు విషయాలు చూసుకోవాలి: ఎండ, పోటు. ఎండ సంగతి తేలిక. కోట నదికి పడమటి గట్టున ఉంది. మీరు తూర్పు గట్టున నిలబడితే, ఉదయపు ఎండ మీ వీపు వెనక నుంచి వెళ్లి కోట ముఖం మీద పడుతుంది. సాయంత్రం అదే చోట నిలబడితే సూర్యుడు కోట వెనక్కి వెళ్తాడు. అప్పుడు బురుజుల నల్లటి ఆకారాలు, వెనక కొండల వరస వస్తాయి. అదీ అందమే, కానీ అందులో రాయి కనిపించదు.

నది ఒడ్డున ఉన్న ఏ కోటకైనా ముందు పటంలో చూడవలసింది ఇదే: కోట ముఖం ఏ దిక్కుకు ఉంది? పోలండులోని మాల్బోర్క్ కోట కాన్వీకి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. ట్యూటానిక్ నైట్లు అనే మధ్యయుగపు జర్మన్ క్రైస్తవ యోధులు ఎర్ర ఇటుకలతో కట్టిన ఆ మహాదుర్గం నోగాట్ నదికి తూర్పు గట్టున ఉంది. ముఖం పడమరకు. సాయంత్రపు ఎండ నేరుగా తగిలి ఇటుక నిప్పుకణికలా వెలుగుతుంది, నదిలోనూ అదే రంగు పరుచుకుంటుంది. ఉదయం వెళ్లినవారికి అది చప్పగా కనబడుతుంది. ఫ్రాన్సులోని షెనోన్సో అయితే నది ఒడ్డున కూడా కాదు, షేర్ నది మీదనే ఉంది. 1550లలో ఫ్రాన్సు రాజు రెండో హెన్రీ ప్రియురాలు డయాన్ ద ప్వాతియే కట్టించిన వంతెన మీద, తర్వాత ఆ రాజు భార్య కాథరీన్ ద మెదిచి 60 మీటర్ల పొడవున హాలును లేపింది. అక్కడ పొద్దున ఒక వైపు, సాయంత్రం రెండో వైపు వెలుగు పడుతుంది. ఒకే రోజులో రెండు ఫొటోలు.

ఇక పోటు. కాన్వీ దగ్గర నది అంటే సముద్రం లోపలికి వచ్చిన పాయ. ఆటు వేళ వెళ్తే నీళ్లు నడిమికి జారిపోయి, బురద మేట, దాని మీద పక్కకు ఒరిగిన పడవలు కనిపిస్తాయి. నేను మొదటి రోజు తెల్లవారుజామున చేరుకుంటే అదే ఎదురైంది. రేపు చూద్దాం అనుకున్నాను. రెండో రోజూ అదే బురద. అప్పుడు కూర్చుని లెక్క వేసుకున్నాను. ఒక పోటుకూ మరో పోటుకూ మధ్య దాదాపు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈ రోజు వచ్చిన వేళకు రేపు రాదు, సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుంది. సూర్యోదయానికి ఆటు ఉన్న చోట, సూర్యోదయానికే నిండు పోటు చూడాలంటే వారం పడుతుంది. వారం తర్వాత మళ్లీ వెళ్లాను. నీళ్లు రాతి అంచు దాకా నిండి, కదలకుండా ఉన్నాయి. మీరు సంచికలో చూసినది ఆ ఉదయమే.

మీకున్నవి రెండే రోజులు కాబట్టి, టికెట్లు తీసుకునే ముందే పోటు పట్టిక చూడండి. చాలా నెలల ముందే దొరుకుతుంది. సూర్యోదయం తర్వాత గంటలోపు నిండు పోటు ఉన్న తేదీలను ఎంచుకోండి. గాలి మాత్రం మన చేతిలో లేదు. కాకపోతే తెల్లవారుజామున అది తక్కువగా ఉంటుంది. ఎండ కాస్త ముదిరాక నీళ్ల మీద ముడతలు మొదలవుతాయి, నీడ ముక్కలవుతుంది.

ప్రశ్న: నేను తీసిన ఫొటోలో కోట చక్కగా వచ్చింది కానీ నదిలో ప్రతిబింబం సగం మాయమైంది. కంటికి స్పష్టంగానే కనబడింది. కెమెరాలో లోపమా?

ఆకాశం ముదురు నీలంగా వచ్చిందని కూడా రాశారు కాబట్టి లెన్సు ముందు పోలరైజర్ ఫిల్టరు ఉండి ఉంటుంది. నీటి మీది మెరుపును తీసేయడమే దాని పని. ప్రతిబింబం కూడా ఆ మెరుపే. ఫిల్టరును మెల్లగా తిప్పుతూ చూడండి. ఒక చోట నీడ మాయమై నది అడుగు రాళ్లు కనిపిస్తాయి, పావు చుట్టు తిప్పితే నీడ తిరిగి వస్తుంది. నిలకడ నీళ్ల దగ్గర నేనైతే దాన్ని తీసి సంచిలో వేసుకుంటాను.

ఫొటోను కంప్యూటర్‌లో దిద్దేటప్పుడు ఒక జాగ్రత్త. నీళ్లలోని కోట, పైనున్న కోట కంటే ఎప్పుడూ ఒక పాలు మసకగానే ఉంటుంది. పడిన వెలుగునంతా నీళ్లు తిరిగి పంపవు. నీడను పైదానితో సమానంగా వెలిగిస్తే, చూసేవారికి కారణం తెలియకపోయినా ఏదో అబద్ధం ఉందని మాత్రం తెలుస్తుంది.

నీళ్లు పాలనురగలా రావాలని అరనిమిషం ఎక్స్‌పోజరు పెట్టానని మరొకరు రాశారు. కోట ముందు పడవలు కట్టి ఉంటే అది వద్దు. నీళ్లు నునుపవుతాయి, పడవలు మాత్రం ఊగి దెయ్యాల్లా వస్తాయి.

ప్రశ్న: కాన్వీ కోట పక్కన వంతెనలు అడ్డం వస్తున్నాయి. పాతకాలపు కోట పక్కన ఇనుప వంతెనలేమిటి? ఇప్పుడు ఫోనులోనే చెరిపేయవచ్చు కదా. చెరిపి ప్రింటు తీయించనా?

దయచేసి చెరపకండి. కోట గోడల పక్క నుంచే వెళ్లే వేలాడే వంతెన థామస్ టెల్‌ఫోర్డ్ కట్టినది, 1826 నాటిది. దాని గొలుసులను మోసే స్తంభాలను జాగ్రత్తగా చూడండి. కోటకు నప్పాలని వాటినీ బురుజుల్లాగే, పైన పళ్ల అంచుతో కట్టాడు. 500 ఏళ్ల నాటి పొరుగు కట్టడం పట్ల ఒక ఇంజనీరు చూపిన మర్యాద అది. ఆ పక్కనే రాబర్ట్ స్టీఫెన్‌సన్ 1849 నాటికి పూర్తి చేసిన రైలు వంతెన ఉంది. ఇనుప గొట్టం లోపల నుంచి రైలు వెళ్తుంది. దాని కొసలకూ బురుజుల రూపమే ఇచ్చారు. నేటి మోటారు వంతెన 1958లో వచ్చింది. నదిని దాటడానికి మనుషులు పడిన తపన అంతా ఆ కొద్ది గజాల్లో ఉంది. దాన్ని చెరిపేసి నకిలీ నీళ్లు నింపితే, ఆ ఫొటో ఏ ఊరిదీ కాకుండా పోతుంది.

వంతెన లేకుండానే కావాలంటే మీరు జరగండి. గట్టు వెంట నడుస్తూ పోతే కోట, నది మాత్రమే ఫ్రేములోకి వచ్చే చోట్లు దొరుకుతాయి. లేదా కాలంలో వెనక్కి వెళ్లండి. వంతెనలేవీ లేని రోజుల్లో, 1790ల చివర, ఆంగ్ల చిత్రకారుడు టర్నర్ ఈ కోటను చిత్రించాడు. గొప్ప నీటిరంగుల చిత్రం, దాని ప్రింటు గోడకు పెట్టుకోదగినది. నాకు అంతకంటే ఇష్టమైనది మరొకటి ఉంది. అమెరికాలోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దాచిన ఫొటోక్రోమ్ ముద్రణలలో వేల్స్ దృశ్యాలున్నాయి, ఈ కోట కూడా ఉంది. 1890ల నాటివి. నలుపు తెలుపు నెగటివ్ నుంచి, ఒక్కో రంగుకు ఒక్కో రాతి అచ్చు చేసి అద్దినవి. ఆకాశంలో గులాబి, నీళ్లలో లేత ఆకుపచ్చ, ఏదీ కెమెరా చూసిన రంగు కాదు, అచ్చు వేసినవాడు ఊహించినది. పెద్ద ఫైలుగా ఉచితంగా దింపుకోవచ్చు.

ప్రశ్న: ఫోనులో ఒక స్నేహితురాలు పంపిన కోట ఫొటో చాలా నచ్చింది. 36 అంగుళాల వెడల్పున చేయించుకోవచ్చా? కోట 700 ఏళ్ల నాటిది కాబట్టి అనుమతి అక్కర్లేదు కదా?

కోట పాతదే, ఫొటో కొత్తది. హక్కు దాన్ని తీసినవారిది. ఎవరిదో కనుక్కుని అడగండి, చాలామంది సంతోషంగా ఇస్తారు, కొందరు తగిన సైజు ఫైలు కూడా అమ్ముతారు. అదెలాగూ కావాలి, ఎందుకంటే మీరు రాసినదాన్ని బట్టి ఆ ఫైలు పొడవు 1600 పిక్సెళ్లే. సోఫా వెనక గోడ మీద, ఆరేడు అడుగుల దూరం నుంచి చూసే ఫొటోకు అంగుళానికి 150 పిక్సెళ్లుంటే హాయిగా ఉంటుంది. 1600ను 150తో భాగిస్తే పదిన్నర అంగుళాలు. 36 అంగుళాలకు లాగితే రాళ్ల మధ్య సందులు పోయి గోడకు సున్నం కొట్టినట్టవుతుంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఇచ్చే ఫైలు 6000 పిక్సెళ్ల వెడల్పు ఉంటుంది. అదైతే 40 అంగుళాల దాకా ధైర్యంగా వెళ్లవచ్చు.

ప్రశ్న: ప్రింటు ఇంటికి వచ్చాక కోట నల్లగా, బొగ్గులా ఉంది. కంప్యూటర్‌లో అద్భుతంగా ఉండేది. కాన్వాస్ మీద వేయించడం వల్లేనా? రెండు పక్కలా చివరి బురుజులు సగం కూడా లేవు.

మీ బాధ నాకు తెలుసు. ఇవి రెండు వేర్వేరు తప్పులు. మొదటిది తెర వెలుగుది. తెర తనంతట తాను వెలుగుతుంది, కాగితం గదిలోని వెలుగుతోనే బతకాలి. వెలుతురు పూర్తిగా పెంచిన తెర మీద దిద్దిన ఫొటో ప్రింటులో మసకబారి తీరుతుంది. తెర వెలుతురును, పక్కన పెట్టిన తెల్ల కాగితంతో సమానంగా కనిపించేదాకా తగ్గించి, అప్పుడు దిద్దండి.

పెద్ద ప్రింటుకు ముందు చిన్న ముక్క ఒకటి తీయించడం నాకు అలవాటు. మొత్తం ఫొటోను చిన్నది చేసి కాదు. అసలు సైజులో ఒక పట్టీ: పైన కాస్త ఆకాశం, నడుమ బురుజు, కింద నీడ, అన్నీ పడేలా ఎనిమిది అంగుళాల వెడల్పున. దాన్ని తగిలించబోయే గోడకే అంటించి, పగలు ఒకసారి, రాత్రి దీపం కింద ఒకసారి చూస్తాను. ఒకసారి ఈ పట్టీయే నన్ను కాపాడింది. ప్రింటు తీసే చోట యంత్రం తనంతట తాను రంగులు 'బాగుచేసి', బూడిద రంగు రాయిని నారింజ రంగులోకి తిప్పింది. ఎడ్వర్డ్ కోట కాస్తా ఎడారి కోట అయిపోయింది. ఏ దిద్దుబాటూ వద్దని రాసిచ్చాక సరిగా వచ్చింది. మీరూ రాసివ్వండి.

రెండో తప్పు కాన్వాస్‌ది. చెక్క చట్రం చుట్టూ మడవడానికి నాలుగు వైపులా ఒకటిన్నర, రెండు అంగుళాల ఫొటో పోతుంది. కోట ఫొటోలో చివరి బురుజులు సరిగ్గా అంచునే ఉంటాయి కాబట్టి అవి మడతలోకి వెళ్లి పక్కకు తిరిగాయి. కాన్వాస్ కావాలంటే తీసేటప్పుడే రెండు వైపులా ఖాళీ వదలాలి. ఇప్పుడున్న ఫైలుకు కాగితమే మేలు. అసలు రాతికట్టడానికి కాన్వాస్ నేత నాకు నచ్చదు. ఆ గళ్ల గీతలు రాళ్ల వరుసలతో పోట్లాడతాయి. మెరుపు లేని మందపాటి నూలు కాగితం మీద బురుజు గరుకుదనం చేతికి తగులుతుందా అన్నట్టు వస్తుంది.

కెమెరా నిష్పత్తినీ చూసుకోండి. మీ ఫొటో మూడుకు రెండు. 36×24 ఫ్రేములో అది పూర్తిగా పడుతుంది. 20×16 ఫ్రేములో పెడితే మళ్లీ పక్క బురుజులే పోతాయి.

ప్రశ్న: నేలకు ఎంత ఎత్తులో తగిలించాలి?

ఫొటో నడిమధ్య భాగం నేల నుంచి 145 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తులో. సోఫా పైన అయితే సోఫా వీపుకు జానెడు పైన ఫ్రేము మొదలవ్వాలి. చాలామంది మరీ పైన పెడతారు. కోటను తలెత్తి చూడవచ్చు, నీళ్లను మాత్రం తలెత్తి చూడడం వింతగా ఉంటుంది.

ప్రశ్న: మా హాలులో ఖాళీ గోడ ఒక్కటే ఉంది, అది తూర్పు కిటికీకి ఎదురుగా. అక్కడ మాల్బోర్క్ కోట ఫొటో, రంగులలో, అద్దంతో పెట్టాలని ఉంది. సరేనా?

రంగులలోనే పెట్టండి. కాన్వీ నలుపు తెలుపులో కూడా నిలబడుతుంది, ఇటుక కోటకు రంగు తీసేస్తే ప్రాణం పోతుంది. భయమంతా కిటికీ గురించే. మామూలు అద్దం తన మీద పడిన వెలుగులో దాదాపు 8 శాతాన్ని తిప్పి పంపుతుంది. వినడానికి తక్కువే, కానీ మాల్బోర్క్ ముందున్న ముదురు నది మీద మీ కిటికీ చువ్వలన్నీ లెక్కపెట్టేంత స్పష్టంగా కనిపిస్తాయి. ప్రతిఫలనం తగ్గించే పూత వేసిన అద్దంతో అది 1 శాతానికి దిగుతుంది. ఖరీదు ఎక్కువే. అది వద్దనుకుంటే అద్దమే లేకుండా, మెరుపు లేని కాగితాన్ని గట్టి పలకకు అంటించి పెట్టవచ్చు. అప్పుడు తడిగుడ్డ తగలనివ్వకూడదు, దుమ్మును మెత్తటి కుంచెతోనే దులపాలి.

ఇక ఎండ. నేరుగా తగిలితే ఏ సిరా అయినా వెలుస్తుంది, ఎరుపు రంగులు వెలిస్తే ఆ కోటలో మిగిలేదేమీ ఉండదు. పిగ్మెంట్ సిరాతో, అంటే సన్నటి రంగు రేణువులున్న సిరాతో తీయించండి, అది చాలా కాలం ఆగుతుంది. అయినా ముందు ఒక పని చేయండి. ఆ గోడ మీద ఫొటో సైజులో పాత కాగితం అంటించి, ఒక వారం పాటు ఉదయం ఎండ దాని మీద ఎక్కడ పడుతోందో, ఎంతసేపు ఉంటోందో పెన్సిలుతో గుర్తు పెట్టండి. ఆ వివరాలు రాసి పంపండి. అద్దమా, పలకా అన్నది వచ్చే సంచికలో చెబుతాను.